సీజన్‌కు ముందు క్లబ్బు చెప్పే మాటలను అభిమాని ఎలా వినాలి

సీజన్ దగ్గర పడుతున్నదనగానే ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బూ తన అభిమానులతో కొత్త ఉత్సాహంతో మాట్లాడడం ప్రారంభిస్తుంది. కొత్త జెర్సీ విడుదలవుతుంది, శిక్షణ మైదానంలో చెమటోడుస్తున్న ఆటగాళ్ల వీడియోలు వస్తాయి, కోచ్ నవ్వుముఖంతో కనిపిస్తాడు, ఈ ఏడాది అంతా మారబోతున్నదన్న మాట రకరకాలుగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఓటములు చూస్తూ వచ్చిన అభిమాని ఆ మాటను పూర్తిగా నమ్మలేడు, పూర్తిగా తోసిపుచ్చనూలేడు. హైదరాబాద్‌లో కూర్చొని మాంచెస్టర్ యునైటెడ్‌నో టాటెన్‌హామ్‌నో అనుసరించేవారికీ, మన నగరం పేరు పెట్టుకున్న క్లబ్బును మనసారా ప్రేమించి చివరకు దాన్ని పోగొట్టుకున్నవారికీ ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ సూచనలు రాస్తున్నాను. ఆశ పెట్టుకోవడం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ ఆశను ప్రచారం మీద కాకుండా తన కంటితో చూసిన ఆట మీద, తన చేత్తో వేసుకున్న లెక్క మీద నిలబెట్టుకున్న అభిమాని ఎక్కువ కాలం ఆటను ప్రేమించగలడన్నది నా నమ్మకం.

వీడియో చూడకముందే కాగితం తీయండి

మొట్టమొదట చేయవలసిన పని ఇది. క్లబ్బు తన ప్రచారం మొదలుపెట్టకముందే, గత సీజన్ ఎలా ముగిసిందో మీ మాటల్లో, మీ అంకెల్లో రాసుకోండి. ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎన్ని గోల్స్ వేశారు, ఎన్ని తిన్నారు, ఎన్ని మ్యాచ్‌లు ఓడారు అన్న నాలుగు అంకెలు చాలు. సంగీతమూ వెలుగులూ కలిసిన రెండు నిమిషాల వీడియో చూశాక ఈ అంకెలను తలుచుకోవడం కష్టం. ముందే రాసి పెట్టుకుంటే అవి మీ పక్కన నిలబడి ఉంటాయి.

మాంచెస్టర్ యునైటెడ్‌నే ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే మన నగరంలో ఆ క్లబ్బుకు అభిమానులు ఎక్కువ, వారి బాధ కూడా పాతది. ఆ క్లబ్బు చివరిసారి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది 2012-13 సీజన్‌లో. 2024-25లో 38 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచి, 18 ఓడి, 42 పాయింట్లతో పదిహేనో స్థానంలో నిలిచింది. 44 గోల్స్ వేసి 54 తిన్నది. అదే సీజన్‌లో యూరప్ అగ్ర క్లబ్బుల టోర్నమెంట్ అయిన చాంపియన్స్ లీగ్‌కు అర్హత దక్కిన చివరి స్థానమైన ఐదో స్థానంలో నిలిచిన న్యూకాసిల్‌కు వచ్చినవి 66 పాయింట్లు. రెండింటికీ మధ్య తేడా 24 పాయింట్లు. అంటే, ఆ సీజన్‌లో ఓడిన పద్దెనిమిది మ్యాచ్‌లలో ఎనిమిదింటిని విజయాలుగా మార్చుకుంటే తప్ప ఆ జట్టు అక్కడికి చేరదన్నమాట. ఇప్పుడు ప్రచార వీడియో చూడండి. అందులో కనిపించిన కొత్త స్ట్రైకర్ ఒక్కడే ఎనిమిది ఓటములను గెలుపులుగా మార్చగలడా, లేక దానికి ఇంకా ఏమేం కావాలి అన్న ప్రశ్న మీకు దానంతటదే తడుతుంది. తాము మళ్లీ పెద్ద జట్టుగా ఎదుగుతామని క్లబ్బు చెప్పినప్పుడు, ఆ ఎదుగుదలకు ఎన్ని పాయింట్లు కావాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.

ఈ లెక్క నిరాశ కోసం వేసుకునేది కాదు. పదిహేనో స్థానం నుంచి ఎనిమిదో స్థానానికి రావడం కూడా నిజమైన మెరుగుదలే అని గుర్తించి సంతోషించడానికి కూడా ఇదే లెక్క పనికివస్తుంది. ప్రచారం ఎప్పుడూ కప్పునే చూపిస్తుంది కాబట్టి, మధ్యలో ఉండే మెట్లను మనమే గుర్తు పెట్టుకోవాలి.

చెప్పిన దానికన్నా చెప్పని దాన్ని చూడండి

ప్రకటనలో ఎవరు వచ్చారో చెబుతారు. ఎవరు వెళ్లారో అంత గట్టిగా చెప్పరు. కనుక కాగితం మీద రెండు వరుసలు గీసి, వచ్చినవారి పేర్లు ఒకవైపు, వెళ్లినవారి పేర్లు మరోవైపు రాయండి. వెళ్లిన ప్రతి ఆటగాడూ గత సీజన్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడో కూడా రాస్తే ఇంకా మంచిది. ఎందుకంటే మూడు వేల నిమిషాలు ఆడిన డిఫెండర్ వెళ్లిపోయి, ఆరు వందల నిమిషాలు ఆడిన యువకుడు వస్తే, అంకెకు అంకె సరిపోయినా జట్టులో పెద్ద ఖాళీ మిగిలే ఉంటుంది. కోచ్ పేరు కూడా ఈ వరుసల్లో ఉండాలి. గోల్‌కీపర్‌గా, మధ్య డిఫెండర్లుగా, ప్రధాన స్ట్రైకర్ గాయపడితే అతనికి బదులుగా, ఈ మూడు చోట్ల ఎవరున్నారో చూడకుండా ఏ జట్టు మీదా అభిప్రాయం ఏర్పరచుకోకండి. ప్రచారంలో ఎక్కువగా కనిపించేవారు వింగర్లు, స్ట్రైకర్లు. సీజన్‌ను నిలబెట్టేవారు చాలాసార్లు వెనుక ఉంటారు.

ఆటగాడి కోసం అతని పాత క్లబ్బుకు చెల్లించే ట్రాన్స్‌ఫర్ రుసుము పెద్దదైనంత మాత్రాన ఆటగాడు గొప్పవాడని అనుకోనవసరం లేదు. ఆ రుసుమును క్లబ్బు తన లెక్కల పుస్తకాలలో ఒప్పందం ఉన్న ఏళ్లకు పంచి చూపుతుంది కాబట్టి, పెద్ద మొత్తం ఖర్చు చేసిన వేసవి భారం తరువాతి నాలుగైదు వేసవుల మీద కూడా పడుతుంది. ఇంగ్లండ్‌లో 2025-26 సీజన్ వరకు అమలులో ఉన్న నిబంధన ప్రకారం ప్రీమియర్ లీగ్ క్లబ్బు మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపడానికి వీలు ఉండేది కాదు. క్లబ్బు సొంత అకాడమీలో పెరిగిన కుర్రవాణ్ని అమ్మితే వచ్చిన డబ్బు దాదాపు మొత్తం లాభంగానే పుస్తకంలోకి ఎక్కుతుంది. అందువల్ల, అకాడమీ తమ గుండెకాయ అని ఒక వీడియోలో చెప్పిన క్లబ్బే అదే నెలలో అకాడమీ కుర్రవాణ్ని అమ్మివేయడం మీరు చూడవలసి రావచ్చు. ఈ కారణం ముందే తెలిసి ఉంటే మీ కోపం ఎవరి మీద ఉండాలో, ఏ నిర్ణయం మీద ఉండాలో స్పష్టంగా ఉంటుంది.

మన నగరం నేర్పిన పాఠం

ఇక్కడ కొంత ఎక్కువసేపు ఆగడం అవసరమని నాకు అనిపిస్తున్నది, ఎందుకంటే ఈ విషయంలో హైదరాబాద్ అభిమానికి ఉన్న అనుభవం దేశంలో చాలామందికి లేదు.

దేశంలోని అగ్రశ్రేణి లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. తొలి మ్యాచ్‌లో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. గచ్చిబౌలిలో ఆడిన తొలి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించినా, ఆ సీజన్‌ను పది పాయింట్లతో అట్టడుగున ముగించింది. మరుసటి ఏడాది మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువ భారతీయ ఆటగాళ్లకు వరుసగా అవకాశాలు ఇచ్చి జట్టును ఐదో స్థానానికి తెచ్చాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1తో ముగిశాక, షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపడంతో కప్పు మనదయింది. ఆ తరువాతి సీజన్‌లో కూడా లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద ఓడాం.

ఇక 2023 వేసవి. అంతకుముందు రెండేళ్ల ప్రతిభను చూసిన ఏ అభిమాని అయినా ఆ సీజన్ కోసం ఉత్సాహంగా ఎదురుచూడడం న్యాయమే. కానీ పైన చెప్పిన రెండు వరుసలు గీసి చూసి ఉంటే, వెళ్లినవారి వైపు మార్కెజ్ పేరు, గోల్స్ వేసిన ఒగ్బెచే పేరు కనిపించేవి. అంతకన్నా ముఖ్యమైనది ఆ వరుసల్లో కనిపించేది కాదు. క్లబ్బు జీతాలు సకాలంలో ఇవ్వలేని స్థితికి చేరింది, బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లలో ఎక్కువమంది సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు, చివరి స్థానం. మిగిలిన కుర్రవాళ్లు ప్రతి వారం తమకన్నా ఎంతో బలమైన జట్ల ముందు నిలబడి ఆడిన తీరుకు మనం రుణపడి ఉన్నామని నేను ఇప్పటికీ అనుకుంటాను. 2024లో యాజమాన్యం మారింది. 2024-25లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం వచ్చింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

దీని నుంచి అభిమాని ఆచరణలో పెట్టవలసినది ఏమిటంటే, జట్టు ఎంత బాగా ఆడుతుందన్న ప్రశ్న కన్నా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. గత ఏడాది జీతాలు అందరికీ అందాయా? ఆటగాళ్ల నమోదు మీద నిషేధం ఏమైనా ఉందా? వచ్చే ఏడాది కూడా ఇదే మైదానంలో ఆడతారన్న ఒప్పందం ఉందా? చార్మినార్ మీద సూర్యోదయాన్నీ దుర్గం చెరువు తీగల వంతెననూ చూపే వీడియో ఎంత అందంగా ఉన్నా ఈ మూడింటికీ సమాధానం ఇవ్వదు. ఫిఫా తాను విధించిన నమోదు నిషేధాల జాబితాను బహిరంగంగానే ఉంచుతుంది. ఆటగాళ్ల జీతాల విషయం క్రీడా విలేఖరుల కథనాలలో చాలాసార్లు ముందుగానే బయటికి వస్తుంది. వీటిని వెతకడానికి పట్టే సమయం జెర్సీ ఎంచుకోవడానికి పట్టే సమయం కన్నా తక్కువ.

ఇంకొక మాట. ఈ నగరానికి ఫుట్‌బాల్‌ను తామే తెస్తున్నామని ఏ ప్రచారమైనా చెబితే దాన్ని మర్యాదగానే అయినా ఒప్పుకోకండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఈ చరిత్ర తెలిసిన అభిమాని కొత్త క్లబ్బును ఆప్యాయంగా స్వాగతించగలడు, దాని ముందు తలవంచి నిలబడవలసిన అవసరం మాత్రం అతనికి ఉండదు.

ప్రీ-సీజన్ మ్యాచ్‌లను చూసే పద్ధతి

ఫలితాలను పక్కన పెట్టండి. 2025 వేసవిలో అమెరికాలో జరిగిన ప్రీమియర్ లీగ్ సమ్మర్ సిరీస్‌ను మాంచెస్టర్ యునైటెడ్ గెలిచింది, అభిమానులు సహజంగానే సంబరపడ్డారు. అదే ఆగస్టు 27న లీగ్ కప్పులో నాలుగో శ్రేణి జట్టు గ్రిమ్స్‌బీ టౌన్‌తో 2-2గా ఆడి, పెనాల్టీలలో 11-12తో ఓడిపోయింది. సన్నాహక మ్యాచ్‌లలో ఎంతమందినైనా మార్చుకోవచ్చు, సగం సమయానికి జట్టంతా మారిపోతుంది, ఆటగాళ్ల శరీరాలు ఇంకా పూర్తి శ్రమకు సిద్ధపడి ఉండవు, ఎదుటి జట్టు తన సొంత ప్రయోగాలలో ఉంటుంది. ఇరవై మంది ఆడిన మ్యాచ్‌లో 4-1 గెలుపు అంటే ఏమిటో కోచ్‌కే తెలియదు. భారత్‌లో సీజన్ ముందు జరిగే డ్యూరాండ్ కప్పును కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి, ఎందుకంటే కొన్ని క్లబ్బులు దానికి పూర్తి జట్టును తెస్తాయి, కొన్ని రిజర్వు జట్టును పంపుతాయి.

అయినా ఆ మ్యాచ్‌లు చూడడం వృథా కాదు. ఏం చూడాలో తెలిస్తే వాటిలో చాలా ఉంది. మొదటి నలభై ఐదు నిమిషాలు ఎవరిని ఆడిస్తున్నాడో చూస్తే కోచ్ మనసులో ఉన్న జట్టు బయటపడుతుంది. మధ్య డిఫెండర్లుగా ప్రతిసారీ అదే జంట ఆడుతున్నదా, ప్రతిసారీ మారుతున్నదా అన్నది గమనించండి. బంతి పోగొట్టుకున్న మరుక్షణం ముందున్న ముగ్గురు వెనక్కి పరుగెత్తుతున్నారా, నిలబడి చూస్తున్నారా అన్నది గమనించండి. కార్నర్ కిక్కులకు ఎవరు ఎవరిని కాపు కాస్తున్నారో చూడండి. గత సీజన్‌లో మీ జట్టు తిన్న గోల్స్‌లో ఎక్కువ భాగం కార్నర్ల నుంచి వచ్చి ఉంటే, ఇప్పుడు అక్కడ మార్పు కనిపించకపోతే, కొత్త స్ట్రైకర్ ఎన్ని గోల్స్ వేసినా ఆ పాత గాయం మానదు. ఒక మ్యాచ్ చూశాక రెండు వాక్యాలు రాసుకోండి చాలు.

డబ్బు ఎప్పుడు పెట్టాలి

క్లబ్బు మన దగ్గర డబ్బు అడిగే సమయం మనకు సమాచారం అతి తక్కువగా ఉన్న సమయం. క్లబ్బులు ఆటగాళ్లను కొని అమ్మే గడువు, అంటే ట్రాన్స్‌ఫర్ విండో, మూసుకోకముందే సీజన్ టికెట్ల రాయితీ గడువు ముగుస్తుంది, ఆటగాళ్లు ఖరారు కాకముందే జెర్సీలు అంగట్లోకి వస్తాయి. జెర్సీ కొనాలనిపిస్తే తప్పకుండా కొనండి, కానీ విండో మూసుకునేదాకా ఆటగాడి పేరు వేయించకండి. ఇంగ్లండ్‌లో 2025లో ఆ గడువు సెప్టెంబర్ 1 వరకు నడిచింది, అంటే అప్పటికే లీగ్‌లో మూడు వారాల మ్యాచ్‌లు అయిపోయాయి. పెద్ద క్లబ్బులు ఏటా మూడు జెర్సీలు విడుదల చేస్తాయి. ఒక్కటి కొని దాన్ని రెండు మూడేళ్లు వేసుకున్న అభిమానిని తక్కువ అభిమాని అనే హక్కు ఎవరికీ లేదు. పిల్లలకు కొనేటప్పుడు కోఠిలోనో అబిడ్స్‌లోనో దొరికే చవక జెర్సీ సరిపోతుంది. వారు ఎలాగూ ఏడాదిలో దాన్ని దాటి పెరిగిపోతారు.

ఇంగ్లండ్ మ్యాచ్‌ల కోసం చందా కట్టేవారు సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు వేసవిలో రాత్రి ఏడున్నరకు, అక్టోబర్ చివర గడియారాలు మారాక ఎనిమిదిన్నరకు వస్తుంది. వారం మధ్యలో జరిగే యూరప్ మ్యాచ్‌లలో ఎక్కువ భాగం అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి. మరునాడు ఉదయం ఆఫీసుకు వెళ్లవలసిన మనిషి ఏవి చూస్తాడో ముందే నిర్ణయించుకుంటే, ఓటమి మీద నిద్రలేమి కూడా వచ్చి చేరదు.

తోటి అభిమానులతో మాట్లాడేటప్పుడు

మీ ఇంట్లోనో స్నేహితులలోనో ఒక తమ్ముడు ఉంటాడు, ప్రతి ఆగస్టులోనూ ఫోన్ చేసి ఈసారి కప్పు మనదే అన్నా అని గట్టిగా చెబుతాడు. అతని ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. అతనికి మీ కాగితం చూపించండి, అతని కాగితం ఒకటి రాయించండి, ఎన్ని పాయింట్లు వస్తాయని అనుకుంటున్నాడో అంకె వేయించండి. 2015-16లో లెస్టర్ సిటీ లీగ్ గెలుస్తుందని పందెం కాసినవారికి సీజన్ మొదట్లో ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నారు, లెస్టర్ గెలిచింది. అలాంటివి అరుదుగా జరుగుతాయి కానీ జరుగుతాయి. చిన్నవాడి నమ్మకాన్ని పరిహసించిన పెద్దవాడు ఆ సంతోషంలో భాగం అడగలేడు.

కోపాన్ని కూడా సరైన చోట పెట్టాలి. వీడియో తయారు చేసిన ఉద్యోగికి ఆటగాళ్ల కొనుగోలులోనూ జీతాల చెల్లింపులోనూ ఏ పాత్రా ఉండదు, పైగా క్లబ్బు కష్టాల్లో పడితే ముందుగా జీతం ఆగేది అలాంటివారికే. అందువల్ల ప్రచార చిత్రాల కింద తిట్లు రాయడం కన్నా, అభిమానులు పదిమంది కలిసి యాజమాన్యానికి ఒక ఉత్తరం రాయడం మేలు. అందులో పైన చెప్పిన మూడు ప్రశ్నలను స్పష్టంగా, మర్యాదగా, తేదీ వేసి అడగండి. సమాధానం వస్తే అందరికీ చదివి వినిపించండి. రాకపోతే ఆ విషయాన్ని కూడా అందరికీ తెలియజేసి, నెల తరువాత మళ్లీ రాయండి.

క్లబ్బు లేని నగరంలో

అగ్రశ్రేణి క్లబ్బు తరలిపోయిన తరువాత మనలో చాలామందికి ఏ ప్రచారమూ లేని వేసవి ఎదురయింది, అది తప్పుడు ప్రచారం కన్నా బాధాకరం. అటువంటి సమయంలో ఆటకు దగ్గరగా ఉండడానికి మార్గాలు ఉన్నాయి. ఈ నగరం నుంచే, రెండో శ్రేణి అయిన ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి దక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది, సొంత మైదానం దక్కన్ అరీనాలో ఆడింది. ఆ ప్రయాణాన్ని గచ్చిబౌలికి వెళ్లే అభిమానులలో చాలామంది పట్టించుకోలేదని నా అభిప్రాయం. స్థానిక లీగ్ మ్యాచ్‌లకు వెళ్లండి. అక్కడ ఆడే కుర్రవాళ్ల పేర్లు నేర్చుకోండి. రేపు ఎవరైనా కొత్త పెట్టుబడిదారు హైదరాబాద్ పేరుతో మరొక క్లబ్బు తెస్తానని ప్రకటిస్తే, ఆ కుర్రవాళ్లలో ఎంతమందిని తీసుకుంటారని అడిగే స్థితిలో మీరు ఉంటారు.

పది మ్యాచ్‌ల తరువాత

లీగ్‌లో పది మ్యాచ్‌లు పూర్తయ్యేదాకా తుది అభిప్రాయం చెప్పకండి. మొదటి మూడు వారాల్లో ఎదురైన జట్ల బలాన్ని బట్టి పట్టిక తలకిందులుగా కనిపించవచ్చు. పది మ్యాచ్‌ల తరువాత మీరు సీజన్ ముందు రాసుకున్న అంకెలను, అప్పటిదాకా వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. వేసిన గోల్స్ పెరిగాయా, తిన్నవి తగ్గాయా, మధ్య డిఫెండర్ల జంట కుదిరిందా అని చూసుకుంటే జట్టు పెరుగుతున్నదో జారుతున్నదో తెలిసిపోతుంది. పెరుగుతుంటే మనసారా ఆనందించండి, గొంతు పోయేలా అరవండి. జారుతుంటే, ఏ రెండు స్థానాలలో ఆటగాళ్లు కావాలో పేర్లు లేకుండా రాసి పెట్టుకోండి. జనవరిలో ట్రాన్స్‌ఫర్ విండో మళ్లీ తెరుచుకున్నప్పుడు క్లబ్బు ఇంకో కొత్త ముఖాన్ని మీ ముందుకు తెస్తుంది. అతను ఆ రెండు స్థానాలలో ఒకదానికి వచ్చాడా లేదా అన్నది చూసిన తరువాతే వీడియో తెరవండి.